నాలుగున్నర అంగుళాల గోడ

మా వీధి మలుపులో ఒక ఇల్లుంది. ముందు రెండు కిటికీలు, లోపల మేడ మీదికి మెట్లు, ఆ మెట్ల కింద ఒక చిన్న గది. ఇరవై ఏళ్ళుగా అందులో ఎవరూ లేరు. ఎవరూ అంటే మనుషులెవరూ అని. దెయ్యం ఉంది.

చాలా పద్ధతైన దెయ్యం. ఏడవదు, నవ్వదు, జుట్టు విరబోసుకుని రోడ్డు మీదికి రాదు. చీకటి పడ్డాక గోడ మీద కొడుతుంది — అంతే. టక్, టక్, టక్. మూడు. కాసేపు ఆగుతుంది... ఎవరైనా పలుకుతారేమో అన్నట్టు. మళ్ళీ మూడు.

దానికి మా వీధివాళ్ళు కట్టిన కథలూ మూడే. ఉరేసుకున్న కోడలని ఒకటి. గోడలో పెట్టి కట్టేసిన కూలివాడని ఇంకోటి. మూడోది మా పాలాయన సొంత పరిశోధన — అది దెయ్యం కాదు, దెయ్యం పిల్ల. పెద్ద దెయ్యమైతే అంత చిన్నగా కొట్టదట. అందరిలోకీ ఆయనే నిజానికి దగ్గరగా వెళ్ళాడు. వెళ్ళి, పాలు పోసి, వెనక్కి వచ్చేశాడు.

మొదలైంది ముప్పై అయిదేళ్ళ కిందట. అప్పుడు ఆ ఇంట్లో మనుషులుండేవాళ్ళు. లెక్కలోకి వచ్చేవాళ్ళు ఇద్దరు — మందుల కొట్టాయన, ఆయన భార్య. పెద్దమనుషులు. ఇస్త్రీ మడత నలగని మనుషులు. దెయ్యం సంగతి ఎవరైనా కదిపితే దాచేవాళ్ళు కూడా కాదు. "మాకూ నిద్రలుండట్లేదండీ, ఏం పాపం చేసుకున్నామో" అనేవాడాయన. వీధి వీధంతా అయ్యో పాపం అని, ఆయన కొట్లోనే తలనొప్పి బిళ్ళలు కొనుక్కుని వెళ్ళేది.

ఆరేళ్ళు కొట్టి దెయ్యం ఆగిపోయింది. కొన్నాళ్ళకి ఆయన పోయాడు, ఆవిడ తమ్ముడి దగ్గరికి చేరింది, ఇంటికి తాళం పడింది. దెయ్యం ఆగినా పేరు ఆగలేదు. ఈనాటికీ చీకటి పడితే ఆ మలుపులో జనం అవతలి పక్కకి మారి నడుస్తారు. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని మారినవాళ్ళు ఇప్పుడు పిల్లల చెయ్యి పట్టుకుని మారుతున్నారు. మా వీధిలో ఇంకే విద్యనీ ఇంత శ్రద్ధగా నేర్పలేదు.

సరే. ఈ ఏడు ఎవరో ఆ ఇల్లు కొన్నారని బ్రోకరు చెప్పాడు. కొన్నవాళ్ళు ముందు తలుపు తీసిన పాపాన పోలేదు. మేం నమ్మలేదు. ఒక సోమవారం, చీకటి పడగానే...

టక్, టక్, టక్.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత. అదే లెక్క, అదే ఆగడం. కాకపోతే చప్పుడు కాస్త గట్టిపడింది. దెయ్యం పెరిగిందన్నాడు పాలాయన.

ఇక చెప్పబోయేది నేను చూసింది కాదు, విన్నది. చెప్పినవాడు టేపు టైలరు. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని పెళ్ళి ఫోటోలో కూడా ఎవరూ చూడలేదు. లోకంలో దేన్నైనా కొలుస్తాడు, తన మాటల్ని తప్ప. అందుకని ఆయన చెప్పినదాంట్లో మిగులు గుడ్డంతా కత్తిరించి చెబుతున్నాను. ఎంత కత్తిరించాలో నాకెలా తెలుసంటారా... వస్తాను, అక్కడికే వస్తాను.

చప్పుడు మొదలైన ఏడో రాత్రి, ఆదివారం. ఎనిమిదిన్నర. కరెంటు పోయి పావుగంటైంది. టైలరు చంకలో కుట్టిన ప్యాంట్ల ప్యాకెట్టు, చేతిలో సెల్లు లైటు. దెయ్యాల్లేవని ఆయన సిద్ధాంతం. అది పగటిపూట సిద్ధాంతం. ఆ వేళకి మాత్రం అవతలి పక్కకి మారి, గొంతులో ఏదో రాగం తీసుకుంటూ నడుస్తున్నాడు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి సెల్లులో చార్జింగు అయిపోయింది.

రాగమూ అయిపోయింది.

ఎందుకంటే ఆ ఇంటి ముందు తలుపు — ఇరవై ఏళ్ళుగా మూసి ఉన్న తలుపు — తీసి ఉంది. బార్లా. మూసుకుపోకుండా ఎవరో ఇటుక అడ్డం పెట్టారు.

లోపల్నించి...

టక్, టక్, టక్.

"పరిగెత్తకపోయావా?" అని అడిగాను.

"కాళ్ళు నా మాట వినలేదక్కా."

వినకపోవడమే కాదు, లోపలికి నడిచాయట. కాళ్ళని అని ఏం లాభం. ఆయన నోరుంది చూశారూ — దానికి తెల్లారేసరికి చెప్పడానికి ఏదో ఒకటి కావాలి.

ముందు గది. కింద పిండిలా మెత్తగా ఏదో చెప్పులకి అంటుకుంటోంది. తడి సున్నం వాసన. ఓ పక్కన మెట్లు. మెట్ల కింది గదికి తలుపు లేదు. ఊడబీకి గోడకి ఆనించారు. లోపల ఒక కొవ్వొత్తి. కొవ్వొత్తి పక్కన, గోడకి చెవి ఆనించి... ఒక ఆడమనిషి.

తెల్లగా ఉంది. బట్టలు తెల్లన, చేతులు తెల్లన, మొహం తెల్లన. కనురెప్పలు కూడా. కళ్ళు మూసుకుని ఉంది.

టైలరు గొంతులోంచి వచ్చినదాన్ని మాట అనలేం.

ఆవిడ కళ్ళు తెరవలేదు. వేలు పెదాల మీద పెట్టుకుంది. తర్వాత గుసగుసగా అంది —

"వస్తే రా. తలుపు మాత్రం ముయ్యకు."

దెయ్యాలు తలుపులు మూస్తాయని విన్నాడాయన. ముయ్యొద్దని బతిమాలే దెయ్యం కొత్త. ఆ కొత్తకే నిలబడిపోయాడు.

"ఎవరు... ఎవరమ్మా నువ్వు?"

"మేస్త్రిని. ఈ ఇల్లు నాదే." చేత్తో మొహం తుడుచుకుంది. దుమ్ము కింద మామూలు మొహం, నలభై దాటిన మొహం బయటపడింది. రెండో చేతిలో తాపీ ఉంది. "పాత ప్లాస్టరింగు చెక్కుతున్నా. అదీ ఈ వేషం."

టైలరు గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరితో పాటు ధైర్యమూ వచ్చింది, ధైర్యంతో పాటు వాగుడూ వచ్చింది. "చెవిమేస్త్రి అంటారు, నువ్వేనా? తాపీ పిడితో గోడ మీద కొట్టి, లోపల ఎక్కడ గుల్లో చెప్పేస్తావంట. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా కారు పంపిస్తారని విన్నా. ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఈ విద్య?"

"ఇక్కడే."

"ఇక్కడంటే, ఈ ఊళ్ళోనా?"

"ఈ గదిలో."

కొవ్వొత్తి చిటపటమంది... ఆయన ఏమీ అనలేదట. ఆయన ఏమీ అనకుండా ఉండటం ఈ కథలో అన్నిటికంటే నమ్మశక్యం కానిది. కానీ నిజం.

"మందుల కొట్టాయన మా బాబాయి," అందావిడ. "అమ్మానాన్నా పోతే ఎనిమిదేళ్ళదాన్ని తెచ్చుకున్నారు. పాలు పొంగితే ఈ గది. గ్లాసు పగిలితే ఈ గది. బట్టల మీద మరక మిగిలితే ఈ గది. సాయంత్రం గడియ పెట్టి బాబాయి తాళం వేస్తే, పొద్దున తీసేది పిన్ని. చీకట్లో చెయ్యడానికి ఏముంటుంది? గోడలు కొట్టుకుంటూ పోయేదాన్ని. ఇక్కడ గట్టి, ఇక్కడ గుల్ల. ఆరేళ్ళలో ఈ గది మొత్తం చెవికి తెలుసు. ఈ ఒక్క గోడ దగ్గర మాత్రం మూడేసి కొట్టేదాన్ని. అటుపక్క మనుషులుంటారని తెలుసు."

"అంటే... మా చిన్నప్పుడు మేమంతా దెయ్యం అనుకున్నది..."

"నన్నే."

చూశారా. మాకూ నిద్రల్లేవని కళ్ళొత్తుకున్న మందుల కొట్టాయన — గది తాళం చెవి జేబులో పెట్టుకుని ఒత్తుకున్నాడు. ఆ జేబుక్కూడా ఇస్త్రీ ఉండేది. పోనీ వీధికి ఆ పిల్ల తెలియదా? తెలుసు. పొద్దున్నే కుళాయి దగ్గర రెండు బిందెలతో నిలబడేది. పద్నాలుగో ఏట ఆ పిల్ల వెళ్ళిపోయింది, ఆ వారమే దెయ్యం ఆగిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన మేధావి మా వీధిలో ఒక్కడూ పుట్టలేదు. ఒక్కతె కూడా.

వెళ్ళిపోయిన పిల్ల ఏమైందంటే — వీధి చివర మేడ కడుతుంటే, ఇసక మోసే ఆడవాళ్ళ వెనకాలే నడిచి పోయింది. ఎక్కడో కొత్త గోడ పూర్తి చేసి ముసలి మేస్త్రి మురిసిపోతుంటే, "తాతా, ఇక్కడ గుల్ల" అందట. ఆయన కొట్టి చూశాడు. మర్నాడు నెత్తి మీది గంప దింపించి చేతిలో తాపీ పెట్టాడు. ఇప్పుడావిడ కింద ఎనిమిది మంది పనిచేస్తారు. పగలు ఊళ్ళో గోడలు, చీకటి పడ్డాక దొడ్డిదారిన వచ్చి తన గోడలు.

"దెయ్యం ఉందని సగం ధరకే ఇచ్చారు," అంది. "బాబాయి నాకు మిగిల్చిన ఆస్తి అదొక్కటే."

టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. టేపు కొసతో. తుడుచుకుని, ఇలాంటప్పుడు జనం ఏం అంటారో సరిగ్గా అదే అన్నాడు. "ఏదైనా మన మంచికేనమ్మా. అన్ని కష్టాలు పడ్డావు కాబట్టే ఇంతదానివయ్యావు. ఆ చీకటే నీకు గురువు."

"లైటు వేసి ఉంచినా నేర్చుకునేదాన్నన్నా. ఇంకా తొందరగా."

ఆ మాటకి నాకు నవ్వొచ్చి నోరు మూసుకోవాల్సొచ్చింది.

"మరి ఇప్పుడు రోజూ మూడేసి కొట్టడం దేనికి?" అన్నాడు టైలరు. "ఇంకా గుల్ల ఉందా ఇందులో?"

"నావైపు లేదు. మొదటిరోజే చూశాను." అరచెయ్యి గోడకి ఆనించింది. "నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక రాత్రి మూడు కొట్టాను. అటునుంచి రెండు వచ్చాయి."

టైలరు గోడ వంక చూశాడు.

"ఒక్కసారే. మర్నాడు కొట్టాను, రాలేదు. ఆ తర్వాత అయిదేళ్ళు కొట్టాను, రాలేదు. సరే, గోడ మందం అనుకున్నాను. తొమ్మిదంగుళాల గోడ, అటు వినబడదు. ఆ రెండు దెబ్బలూ నా భయంలోంచి పుట్టినవి. అలా అనుకుంటే బతకడం తేలికన్నా. ఎవరికీ వినబడలేదు కాబట్టి ఎవరూ రాలేదు. ఎవరి మీదా కోపం లేదు. నా బతుకంతా ఆ ఒక్క మాట మీద కట్టుకుంటూ వచ్చాను."

కొవ్వొత్తి తీసి, చెక్కిన చోట పెట్టింది. ఎర్రటి ఇటుక కనబడింది.

"చూడు. ఇటుక వెడల్పు ఎంతో గోడ అంతే. నాలుగున్నర అంగుళాలు. ఊళ్ళో అందరి గోడల గుట్టూ చెప్పినదాన్ని, దీన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఈ గోడకి దగ్గు కూడా ఆగదు."

"ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావమ్మా?"

"ఆ రెండూ నిజంగా వచ్చాయా, లేదా? వచ్చాయంటే అటుపక్క ఒకరు విని, మళ్ళీ ఊరుకున్నారని. అప్పుడు కోపం వస్తుంది. రాలేదంటే నాకే పిచ్చి. కోపమే నయం." తాపీ చేతులు మార్చుకుంది. "ఏదో ఒకటి తేలితే గాని నేనీ ఇంట్లో తలుపేసుకుని పడుకోలేను. ఏడు రాత్రులుగా దొడ్లో కూర్చుని కునుకు తీస్తున్నా. ఇవాళ కరెంటు కూడా పోయిందని రెండు తలుపులూ తీసిపెట్టా. ఇదే ఆఖరు. రేపు మళ్ళీ అమ్మకానికి పెడతానని బ్రోకరుకి చెప్పేశాను."

తర్వాత ఆయన్ని ఒకటే కోరింది.

"అన్నా, ఒక్క నిమిషం కదలకుండా నిలబడు. నేను విన్నది ఇంకొకళ్ళు కూడా వినాలి. అంతే."

తాపీ పిడి ఎత్తింది.

టక్, టక్, టక్.

చెవి ఆనించింది. టైలరు ఊపిరి బిగబట్టాడు. వీధిలో కుక్క కూడా అరవలేదు. కొవ్వొత్తి మైనం ఒక బొట్టు జారింది... ఇంకో బొట్టు...

"చాల్లేమ్మా," అన్నాడు మెల్లగా. "గోడలు మాట్లాడవు."

ఆవిడ తాపీ కింద పెట్టేసింది. వంగి కొవ్వొత్తి అందుకుంది.

అప్పుడు —

టక్...

టక్.

టైలరు అక్కడ లేడు. ప్యాంట్ల ప్యాకెట్టు ఉంది, ఎడమ కాలి చెప్పు ఉంది, ఆయన లేడు.

మర్నాడు పొద్దున్న ఆయన చెప్పిన లెక్కలో దెబ్బలు పదహారు. గోడ నిలువునా చీలింది. ఎవరో ఆయన్ని పేరు పెట్టి పిలిచారు, అదీ ఇంటి పేరుతో సహా. వీధికి ప్రాణం లేచొచ్చింది. మేస్త్రికే దెయ్యం పట్టిందని తీర్మానించి, ఎప్పటిలాగే అవతలి పక్కకి మారి నడిచారు.

పదహారు కాదు. రెండు.

అంత ఖాయంగా ఎందుకు చెబుతున్నానంటే, కొట్టింది నేను.

ఆ గోడకి ఇటుపక్క మా ఇల్లు. నా మంచం. తొమ్మిదేళ్ళప్పుడూ అక్కడే ఉండేది. ఒక రాత్రి మూడు వినబడితే, నేను రెండు కొట్టాను. ఆటనుకున్నాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేసింది. దెయ్యం పిలిస్తే పలక్కూడదు, పలికితే వెంట వస్తుందంది. మంచం ఎదురు గోడకి జరిపింది. అమ్మకి తెలియదా అది దెయ్యం కాదని? అమ్మని అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని.

ఆ తర్వాత చప్పుడు మొదలవగానే నేను పైకి చదివేదాన్ని. ఏది దొరికితే అది — పొట్లం కాగితాలు, పాత పత్రికలు, మందు సీసాల మీది చీటీలు. చప్పుడు వినబడకుండా గొంతు పెంచి చదివేదాన్ని. మూడేళ్ళు బడికెళ్ళిన మనిషికి ఇంత చదువు ఎలా అబ్బిందని వీధిలో అడుగుతారు. అలా అబ్బింది. పొద్దున కుళాయి దగ్గర ఆ పిల్ల వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి కనబడేవి. తొమ్మిదేళ్ళదాన్నే, కానీ కళ్ళున్నాయి కదా నాకు. ఆ కళ్ళతోనే కదా చదివింది.

పెద్దయ్యాక మంచం మళ్ళీ ఆ గోడ దగ్గరికే జరుపుకున్నాను. దెయ్యం లేదు కదా అని. ఈమధ్య సోమవారం మళ్ళీ మూడు వినబడితే ఏం చేశాననుకున్నారు? పుస్తకం తీశాను. మంగళవారమూ తీశాను. ఆరు రాత్రులు, ఆరు పుస్తకాలు. ఏడో రాత్రి కరెంటు పోయింది. చదవడానికి వెలుతురు లేదు. వినక తప్పలేదు.

రెండూ కొట్టాక గోడకి చెవి ఆనించాను. టైలరు పరుగు వినబడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నాలుగున్నర అంగుళాల అవతల, నా చెవిలో చెప్పినట్టే, ఆవిడ గొంతు —

"పొద్దున వస్తాను."

వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీరేనా?"

"నేనే."

"మళ్ళీ ఎందుకు కొట్టలేదు?"

రాత్రంతా కూర్చుని ఆరు జవాబులు తయారుచేశాను. మంచి వాక్యాలు, ఒక్కోటి ఎక్కడ ఆపాలో కూడా చూసుకున్నాను. వీధిలో నా నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ నోట్లోంచి ఒక్కటీ రాలేదు.

"వినబడింది," అన్నాను. "రోజూ వినబడింది."

ఆవిడ తలూపింది. కోపం రావడానికి మొహంలో కాస్త సమయం పట్టింది. వచ్చింది. చాలా నిదానంగా, నడుస్తూ వచ్చినట్టు వచ్చింది. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

"సరే," అంది. "అయితే నాకు పిచ్చి లేదు."

లోపలికొచ్చి, గోడ పొడుగునా ఉన్న నా పుస్తకాల బీరువాల సందులో చెవి ఆనించి, తాపీ పిడితో కొట్టింది.

"మీవైపే గుల్లగా ఉంది. చెక్కి మళ్ళీ పూయాలి. బుధవారం వస్తాను, ఇవన్నీ తీసేసి ఉంచండి."

"నన్ను..." అనబోయాను.

"దుమ్ము రేగుతుంది. మొహానికి గుడ్డ కట్టుకోండి."

వెళ్ళిపోయింది. బ్రోకరుకి అమ్మట్లేదని కబురు పెట్టిందని మధ్యాహ్నం తెలిసింది.

ఆ రాత్రి కరెంటు ఉంది. పుస్తకం తియ్యలేదు. అటుపక్క సుత్తి చప్పుడు, మేకుల చప్పుడు... మెట్ల కింది గదికి ఊడబీకిన తలుపు మళ్ళీ బిగిస్తున్నారు. మంచం ఈడ్చిన చప్పుడు. తర్వాత తలుపు మూసిన చప్పుడు. గడియ పడింది — ఈసారి లోపల్నించి.

కూర్చున్నాను. మూడు కొడుతుందేమోనని.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. కొట్టలేదు. ఆవిడకి అవసరం లేదు మరి.

పదింటికి నా చెయ్యి ఊరుకోలేదు.

టక్, టక్, టక్.

చెవి ఆనించాను...

అటుపక్క మంచం కిర్రుమంది. ఎవరో హాయిగా అటు తిరిగి పడుకున్నారు.